వేగపథ చరిత్రము – ఆరవ ప్రకరణము: నీరో వంశము, దాని పునరుద్ధరణము

గడచిన ప్రకరణమున 1937వ సంవత్సరపు వేగస్పర్ధను ముగించితిమి. ఆ యేట ఏప్రిల్ నెలలో హంగేరీ దేశమున గ్యోన్ అను ఊరి చెంతనున్న రాజమార్గముపై ఎరిక్ ఫెర్నిహో గంటకు 273 కిలోమీటర్ల వేగమును సాధించుటయు, అక్టోబరులో ఇటలీ దేశీయుడైన పీరో టరుఫీ గిలెరా యంత్రముపై దానిని ఒక్క కిలోమీటరు మేర అతిక్రమించుటయు, నవంబరు నెల తీరకముందే జర్మనీలో ఎర్నెస్ట్ హెన్నె బి.ఎం.డబ్ల్యు. యంత్రముపై 279.5 కిలోమీటర్లను అందుకొని ఆ యిరువురిని వెనుకకు నెట్టుటయు పాఠకులకు జ్ఞాపకముండును. ఈ మూడు యంత్రములు మూడు దేశములవి. ఒకదాని సిలిండర్లు రెండును ముందువెనుకలుగా వి ఆకారమున నిలిచినవి. ఇంకొకదానివి నాలుగు, ఒకే వరుసలో అడ్డముగా అమర్చినవి. మూడవదానివి రెండు, చెరియొక ప్రక్కకు చాచినవి. రూపమున ఇంతటి భేదమున్నను ఒక్క విషయమున మాత్రము ఇవి సగోత్రములు: మూడింటికిని సూపర్‌చార్జరు కలదు.

1939లో గెయోర్గ్ మయర్ సూపర్‌చార్జరు గల బి.ఎం.డబ్ల్యు. యంత్రముపై మాన్ ద్వీపమున సీనియర్ టి.టి. పందెమును గెలిచినప్పుడు, రాబోవు కాలమంతయు ఈ సాధనమునదే యని ఐరోపా ఇంజనీర్లు పెక్కుమంది నిశ్చయించుకొనిరి. ఇంగ్లండులో ఎ.జె.ఎస్. సంస్థవారు సిలిండర్లను ఇంచుమించు నేలకు సమాంతరముగా పరుండబెట్టి, కేవలము సూపర్‌చార్జరును ఉద్దేశించియే ఒక కొత్త యంత్రమును రూపించిరి. కాని 1946లో అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య రహదారి పందెములయందు సూపర్‌చార్జరును నిషేధించెను. పోర్కుపైన్ అను పేర ప్రసిద్ధికెక్కిన ఆ ఎ.జె.ఎస్. యంత్రము తాను దేనికొరకు పుట్టినదో ఆ సాధనము లేకయే బరిలో దిగవలసివచ్చెను. దిగియు, 1949లో లెస్ గ్రహాముకు తొలి 500 సి.సి. ప్రపంచ విజేత పదవిని సంపాదించి పెట్టెను.

ఈ నిషేధముతో సూపర్‌చార్జరు చరిత్ర ముగిసెనని చాలమంది చరిత్రకారులు పుట త్రిప్పివేయుదురు. అది న్యాయము కాదు. మలుపులు గల పందెపు దారినుండి వెడలగొట్టబడిన ఆ సాధనము తిన్నని దారిని ఆశ్రయించెను. పాతబడిన సైనిక విమానస్థలములలోను, సముద్రతీరపు వీథులలోను, కదలక నిలిచిన స్థితినుండి పావుమైలు దూరమును, అనగా దాదాపు 402 మీటర్లను, ఎవరు తక్కువ క్షణములలో దాటుదురను పరీక్షకు నిలిచిన కొందరు మెకానిక్కులు దానిని తమ పెరటి షెడ్లలో పెంచి పోషించిరి. వారి కృషిని, ఆ కృషికి సాక్ష్యముగా మిగిలిన యంత్రములను నేడు తిరిగి లేవనెత్తు విధమును వివరించుటయే ఈ ప్రకరణమునకు ప్రయోజనము.

ముందుగా ఆ సాధనమేమి చేయునో చెప్పవలెను. సామాన్యమైన ఇంజను గాలిని తానై పీల్చుకొనును. పిస్టను క్రిందికి దిగినప్పుడు సిలిండరులో ఏర్పడు వెలితిని నింపుటకు వాతావరణపు ఒత్తిడి, సముద్రమట్టమున చదరపు అంగుళమునకు 14.7 పౌండ్లు, ఎంత గాలిని నెట్టగలదో అంతయే లోనికి పోవును. గాలి కొలదియే ఇంధనము, ఇంధనము కొలదియే శక్తి. కొలిమిలోని బొగ్గులకు కమ్మరి తిత్తితో గాలి కొట్టినట్లు, సూపర్‌చార్జరు ఇంజనుచేతనే త్రిప్పబడుచు సిలిండర్లలోనికి వాతావరణము నెట్టగలిగినదానికంటె ఎక్కువ గాలిని బలవంతముగా పంపును. 998 ఘనసెంటీమీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషమునకు 6000 సారులు తిరుగునప్పుడు, సిలిండర్లు పూర్తిగా నిండుననుకొన్నను, దానికి పట్టు గాలి నిమిషమునకు దాదాపు 3000 లీటర్లు. దానిపై చదరపు అంగుళమునకు మరి పది పౌండ్ల ఒత్తిడిని చేర్చగలిగినచో, గాలి వేడెక్కుటవలన కలుగు నష్టమును ప్రక్కనుంచిన యెడల, ఆ సిలిండరులో ఒకటికి బదులు ఒకటిన్నరను మించిన గాలి నిలుచును. ఆ అదనపు శక్తియే దీని వరము; ఆ అదనపు వేడిమియు, పిస్టనులపైనను బేరింగులపైనను పడు భారమును దీని శాపము.

ఇట్టి భారమును ఓర్వగల ఇంజను కావలెను. ఇంగ్లండులో హార్ట్‌ఫర్డ్‌షైర్ మండలమందలి స్టీవనేజి అను చిన్న పట్టణమున అట్టిది పుట్టెను. అర్జెంటీనాలో పశువుల మందలు గల కుటుంబమునకు చెందిన ఫిలిప్ విన్సెంట్ అను యువకుడు 1928లో హెచ్.ఆర్.డి. అను మోటారు సైకిలు సంస్థ పేరును కొని, ఆ పట్టణమున కర్మాగారమును నెలకొల్పెను. ఆస్ట్రేలియానుండి వచ్చిన ఫిల్ ఇర్వింగ్ అను ప్రతిభావంతుడు 1930ల ఆరంభమున అతనితో చేరెను. వీరిరువురి మేధనుండి 1936లో మొదటి రాపిడ్ యంత్రమును, యుద్ధానంతరము 1946లో దాని రెండవ అవతారమును వెలువడెను. ఈ రెండవ రాపిడ్‌నందు ఇంజనుకు చుట్టును గొట్టముల చట్రమే లేదు. పైన నూనె తొట్టియే వెన్నెముకయై, క్రింద ఇంజనే చట్రమై, ముందు ఫోర్కును వెనుక చక్రమును భరించును. రెండు సిలిండర్లు 50 డిగ్రీల కోణమున నిలుచును. వ్యాసము 84 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తము 998 సి.సి. దానినుండి 1948లో బ్లాక్ షాడో, పందెముల కొరకు బ్లాక్ లైట్నింగ్ ఉద్భవించినవి. ఆ యేడు సెప్టెంబరు 13న అమెరికాలో బాన్‌విల్ ఉప్పుమైదానమున రోలీ ఫ్రీ, గాలి తాకిడిని తగ్గించుకొనుటకై స్నానపు లాగు మాత్రమే ధరించి యంత్రముపై బోర్లగా పరుండి, గంటకు 150 మైళ్ళను దాటిన వృత్తాంతము జగద్విదితము.

ఆ కర్మాగారములోనే యంత్రములను పరీక్షించుచు పందెములలో నడపుచుండిన జార్జి బ్రౌన్ మన కథానాయకుడు. 1912లో నాటింగ్‌హాంలో జన్మించిన ఇతడును, ఇతని సోదరుడు క్లిఫ్ బ్రౌనును కలసి ఒక రాపిడ్‌ను పందెములకై సానబట్టిరి. ఒక పత్రికారచయిత దానికి, మన దేశపు నీళ్ళు మోయు భిస్తీని గూర్చి కిప్లింగు వ్రాసిన పద్యమునుండి గంగా దీన్ అను పేరు పెట్టెను. బ్లాక్ షాడో, బ్లాక్ లైట్నింగులకు మార్గము చూపినది ఆ యంత్రమే. 1950ల తొలి సంవత్సరములలో బ్రౌన్ కర్మాగారమును వీడి, స్టీవనేజిలోనే స్వంతముగా దుకాణము పెట్టుకొనెను. అప్పుడు అగ్నిప్రమాదమున కాలిపోయిన ఒక రాపిడ్ అతని చేతికి వచ్చెను. ఇతరులు తుక్కుగా విడిచిన ఆ కళేబరమును సోదరులిద్దరును విప్పి, మిగిలినదానిలో మేలైనదానిని ఏరి, లేనిదానిని తాము చేసి, అనవసరమైన ప్రతి ఔన్సును తొలగించి ఒక పరుగుయంత్రమును నిర్మించిరి. రోము నగరదహనముతో పేరు ముడివడిన చక్రవర్తి నామమున అది నీరో యయ్యెను. విన్సెంట్ సంస్థ 1955లో మోటారు సైకిళ్ళ నిర్మాణమునకు స్వస్తి చెప్పిన తరువాతను, ఆ సంస్థ చేసిన ఇంజను నీరో దేహమున పందెములు గెలుచుచునే యుండెను.

నీరో గాలిని తానై పీల్చుకొన్న యంత్రము. 1960ల ఆరంభమున బ్రౌన్ రెండవ యంత్రమును నిర్మించి దానికి షారాక్ సూపర్‌చార్జరును అమర్చెను. అదియే సూపర్ నీరో. షారాక్ పద్ధతిలో గుండ్రని పెట్టెయందు కేంద్రమునుండి ప్రక్కకు జరిగిన స్తూపమొకటి తిరుగుచుండును; దాని చీలికలనుండి వెలువడు రేకులు గాలిని పట్టి, క్రమముగా ఇరుకగుచుండు చోటునకు త్రోసికొనిపోయి ఒత్తును. ఆ రేకులు మధ్యనున్న ఇరుసుపై బేరింగుల ఆధారమున నిలుచుటచేత వాటి కొనలు పెట్టె గోడను తాకవు. తాకినచో అరుగును, దూరమైనచో గాలి వెనుకకు జారిపోవును. అందుచేత ఆ సందు అంగుళములో వేయవవంతుల లెక్కన ఉండవలెను.

ఇంకొక చిక్కు విన్సెంటు ఇంజను స్వభావములోనే కలదు. 50 డిగ్రీల కోణమున నిలిచిన రెండు సిలిండర్లు ఒకే క్రాంకు పిన్నును పంచుకొనుటచేత, వాటి పేలుళ్ళకు నడుమ విరామము సమముగా ఉండదు. ఒకసారి 310 డిగ్రీలు, మరొకసారి 410 డిగ్రీలు. సూపర్‌చార్జరు ఎడతెగక గాలిని పంపుచుండగా ఇంజను దానిని కుంటినడకతో గ్రహించును. ఒక సిలిండరు అధికముగాను, వేరొకటి అల్పముగాను త్రాగకుండుటకై నడుమ ఒక నిల్వగదిని ఏర్పరుపవలెను. ఆ గదిలోని ఇంధనవాయువు పొరపాటున అంటుకొన్నచో పెట్టె పగులకుండ ఒత్తిడిని వెలికి విడుచుటకై స్ప్రింగు వాల్వును పెట్టవలెను. ఇంధనమును పెట్రోలు కాదు, మెథనాలు. పెట్రోలు ఒక పాలు మండుటకు గాలి 14.7 పాళ్ళు కావలయునట్లయితే, మెథనాలుకు 6.4 పాళ్ళు చాలును. అనగా అంతే గాలికి రెట్టింపునకు మించిన ఇంధనమును పోయవచ్చును. ఆవిరియగునప్పుడు అది పెట్రోలుకంటె ఎన్నియో రెట్లు వేడిని హరించి, సూపర్‌చార్జరు కాచిన గాలిని చల్లార్చును. శత్రువు తెచ్చిన తాపమును ఇంధనమే తీర్చుటయను ఈ ఏర్పాటు, సూపర్‌చార్జరుకు మెథనాలుకు కుదిరిన చిరకాలమైత్రికి మూలము.

ఈ లోపల తిన్నని దారి పందెము ఒక వ్యవస్థగా రూపుదిద్దుకొనుచుండెను. అమెరికాలో 1950లో కాలిఫోర్నియాలోని సాంటా ఆనా విమానస్థలమున టికెట్టు పెట్టి నడపిన డ్రాగ్ పందెములు మొదలయ్యెను. మరుసటి యేట వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషనును స్థాపించెను. బ్రిటనులో 1958లో నేషనల్ స్ప్రింట్ అసోసియేషన్ ఏర్పడెను. 1964లో సిడ్నీ అలార్డ్ ప్రయత్నమున డాన్ గార్లిట్స్ వంటి అమెరికా ప్రముఖులు బ్రిటనుకు వచ్చి విమానస్థలములలో ప్రదర్శనలిచ్చిరి. 1966లో, యుద్ధకాలమున అమెరికా బాంబరు విమానములు ఎగిరిన పాడింగ్‌టన్ స్థలమున, ఐరోపాలో మొదటి శాశ్వతమైన డ్రాగ్ మార్గము సాంటా పాడ్ పేర వెలసెను. 1968లో యార్క్‌షైరునందలి ఎల్వింగ్‌టన్ విమానస్థలమున ఆల్ఫ్ హేగన్, సూపర్‌చార్జరు తొడిగిన జె.ఎ.పి. ఇంజను యంత్రముపై, గంటకు 200 మైళ్ళను మించెను. జార్జి బ్రౌన్ సూపర్ నీరోతో విమానస్థలముల పరుగుబాటలపై ప్రపంచ, బ్రిటిషు రికార్డులను ఒకదానివెంట నొకటి సంపాదించుచు, యాభై యేండ్లు దాటిన వయస్సున, తన కుమారుల యీడువారితో పోటీపడెను. ఆ మహానుభావుడు 1979లో కీర్తిశేషుడయ్యెను.

వేగమును సాధించిన యంత్రమునకు ప్రమాదమేకాక కాలము కూడ శత్రువు. ఒక యేటి విజేత మరుసటి యేటికి పాతది. దాని సూపర్‌చార్జరు వేరొక యంత్రమునకు, చక్రము ఇంకొకదానికి తరలిపోవును. మిగిలిన మొండెము షెడ్డు మూల ధూళిలో పడియుండును. నీరో వంశపు యంత్రములను అనుకరించి అనేకులు చేసిన యంత్రములలో పెక్కు ఇట్లే పంపకమునకు గురియయినవి. ఇటువంటి మొండెమును తిరిగి నిలబెట్టదలచినవాడు మొదట చేపట్టవలసినది రెంచి కాదు, కలము. ఏ బోల్టు ఎక్కడ ఉన్నది, ఏ కడ్డీ ఏ కోణమున వంగినది, ఏ రంధ్రము బరువు తగ్గించుటకు తొలిచినది, ఏది కేవలము తుప్పు తినినది, అన్నియు విప్పకముందే ఫోటోలతోను వ్రాతతోను నమోదు చేయవలెను. విప్పినవాని చేతిలో శాసనము చెరిగిపోవును. కావున ముందుగా ప్రతి తీయవలెను.

విప్పుట ఆరంభించినంతనే తెలుగువానికి చిరపరిచితమైన వస్తువొకటి ఎదురగును. అది ఆముదము. నల్లగొండ, మహబూబునగరు మెట్టభూములలో మన రైతులు పండించు ఆ గింజల నూనెయే ఆనాటి పందెపు ఇంజనులకు ప్రియమైన కందెన. తీవ్రమైన వేడిలోను దాని పొర లోహమును విడిచి పోదు. కాని అదే ఆముదము యేండ్ల తరబడి గాలి తగిలి నిలువయున్నచో చిక్కబడి, జిగురై, తుదకు గోధుమరంగు వార్నిషుగా గట్టిపడును. పిస్టను సిలిండరుకు, వాల్వు దాని గొట్టమునకు, సూపర్‌చార్జరు రేకు దాని చీలికకు అంటుకొనిపోవును. సుత్తితో కొట్టినవాడు తిరిగి సంపాదింపలేని భాగమును పగులగొట్టుకొనును. మెల్లగా వేడిచేసి, తగిన ద్రావకమున నానబెట్టి, దినములు గడచినను ఓర్చి, దానంతట అది విడివడునట్లు చేయవలెను. ఈ విద్యలో ఓర్పే తొలి పనిముట్టు.

క్రాంకు పెట్టె అల్యూమినియముతో పోతపోసినది. అల్యూమినియము వేడికి ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. కనుక పెట్టెను ఓవెనులో సమముగా వేడిచేసినచో బేరింగులు స్వయముగా వదులగును, బలవంతముతో పనిలేదు. తేలికకొరకు మెగ్నీషియముతో పోసిన భాగములు ఉన్నచో వాటి స్థితి మరింత దయనీయముగా నుండును. తేమ తగిలిన మెగ్నీషియము తెల్లని పొడియై రాలును. కంటికి కానరాని బీటలను వెదకుటకు రంగుద్రవమును పూసి, తుడిచి, తెల్లని పొడిని చల్లుదురు. బీటలో దాగిన రంగు పొడిపై గీతగా పైకి వచ్చును. సూపర్‌చార్జరు ఒత్తిడిచేత పుట్టిన బీట సామాన్యముగా బేరింగు గూటి అంచునను, సిలిండరు బోల్టుల మొదటను కనబడును. విన్సెంటు క్రాంకు, చక్రములలో పిన్నును బిగించి కట్టిన నిర్మాణము. దానిని విప్పి తిరిగి కట్టునప్పుడు రెండు కేంద్రముల మధ్య త్రిప్పి, డయల్ సూచిక అంగుళములో వేయవవంతు మాత్రమే కదలువరకు మెత్తని దెబ్బలతో సరిదిద్దవలెను. ఇంజనునకు ఆయుర్దాయము నిర్ణయించునది ఈ ఘట్టమే.

బోల్టుల విషయమున పెక్కుమంది అజాగ్రత్త వహింతురు. ఆనాటి బ్రిటిషు యంత్రములలోని మరలలో పెక్కు 1841లో జోసెఫ్ విట్‌వర్త్ నిర్ణయించిన పద్ధతికి చెందినవి. వాటి కోరల కోణము 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరల కోణము 60 డిగ్రీలు. కంటికి ఒకటిగానే తోచు బోల్టును బలవంతముగా ఎక్కించినవాడు ఆ అల్యూమినియము రంధ్రపు కోరలను శాశ్వతముగా చెడగొట్టును. మాగ్నెటో విషయమును ఇట్టిదే: దాని తీగచుట్టలకు పూసిన పూత మన అడవులలోని లక్కపురుగు ఇచ్చిన లక్కనుండి చేసినదగుటచేత, దీర్ఘకాలమున వేడికి మెత్తబడి కారును, అయస్కాంతపు బలమును తగ్గును. చుట్టలను కొత్తగా చుట్టి, అయస్కాంతమునకు తిరిగి బలమిచ్చిననే గాని ఆ ఒత్తిడి గల సిలిండరులో మెరుపు రాలదు. ఒత్తిడి పెరిగినకొలది మెరుపునకు ఎక్కువ బలము కావలెను గదా.

ఇన్నియు నెరవేరి ఇంజను తిరుగ సిద్ధమైన నాడును తొందర తగదు. పాత పందెపు టైర్ల రబ్బరు గట్టిపడి పగిలియుండును. అవి ప్రదర్శనకే గాని పరుగుకు పనికిరావు. మొదట తక్కువ ఒత్తిడితో, తక్కువ వేగమున ఇంజనును నడపి, సూపర్‌చార్జరు రేకులు ఎచ్చటను గోడను రాచుటలేదని నిశ్చయించుకొనవలెను. ప్రతి పరుగు ముగిసిన పిమ్మట మెథనాలును పూర్తిగా తొలగించి, పెట్రోలుతో కొంతసేపు నడపి కడుగవలెను. లేనిచో మెథనాలు గాలిలోని తేమను ఆకర్షించి, ఇంత శ్రమపడి బాగుచేసిన అల్యూమినియమును తిరిగి తినివేయును.

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న మిగిలినది. ఏ రూపమునకు పునరుద్ధరింపవలెను? కర్మాగారమునుండి వెలువడిన మోటారు సైకిలుకు ఆది రూపమొకటి కలదు, దానికి పత్రములు కలవు. పందెపు యంత్రమునకు అట్టిది లేదు. బ్రౌన్ సోదరులవంటి నిర్మాతలు ప్రతి పందెమునకును ఒక మార్పు చేయుచుండిరి. ఈ వారము చేసిన రంధ్రము వచ్చే వారము మూతపడెను, ఈ యేటి నిల్వగది మరుసటి యేటికి పెద్దదయ్యెను. కావున పునరుద్ధర్త ఒక కాలమును, వీలయినచో ఒక పందెపు దినమును, ఎన్నుకొని, ఆ నాటి ఫోటోలను సాక్ష్యములుగా పెట్టుకొని దానికి కట్టుబడియుండవలెను. పలు సంవత్సరముల అందములను ఒకచోట కూర్చినవాడు ఎన్నడును ఉండని యంత్రమును సృష్టించును. అది చరిత్ర కాదు. అంతకంటె పెద్ద దోషము, మెరుగుపెట్టుటలో అత్యుత్సాహము. తొందరలో వేసిన వెల్డింగు మచ్చ, ఆకురాయి గీతలు, చేతితో కొట్టిన అంకెలు, ఇవియన్నియు ఆ నిర్మాత దస్తూరి. వాటిని గీకి క్రోమియము పూసినయెడల యంత్రము తళతళలాడును, కాని ఎవరు, ఏ సాధనములతో, ఏ తొందరలో, ఏ మేధతో దీనిని చేసిరను సాక్ష్యము నశించును. బలమునకు భంగము కలిగించు మచ్చను మాత్రమే తొలగించి, మిగిలిన ప్రతి మచ్చను కాపాడుటయే ధర్మము. మార్చవలసివచ్చిన భాగమును పారవేయక, పేరు వ్రాసి భద్రపరచుటయు అందులో భాగమే.

పునరుద్ధరణము కేవలము మెకానిక్కు పని కాదనియు, అది ఇనుముతో వ్రాయు చరిత్రయనియు ఈ వ్యాసకర్త దృఢవిశ్వాసము. పత్రములు లేని చోట యంత్రమే పత్రము. నిషేధమునకు గురియైన ఒక సాధనమును, పెద్ద సంస్థలు విడిచిన కాలమున, చిన్న దుకాణములలోని మనుష్యులు తమ చేతులతో బ్రతికించిరి. వారిలో అధికులు గ్రంథములు వ్రాయలేదు, లెక్కలు ముద్రింపలేదు. వారు ఎరిగినదంతయు ఆ పోతలలోను, ఆ రంధ్రములలోను, ఆ సందుల కొలతలలోనే నిలిచియున్నది. దానిని సరిగా చదువగలవారు ఉన్నంతకాలమే వారి విద్య మనకు దక్కును. అందుచేత ఆ విద్యను వయోవృద్ధులనుండి యువకులు నేర్చుకొనుట నేటి తక్షణ కర్తవ్యము.

రాబోవు ప్రకరణమున అట్లాంటిక్ సముద్రమును దాటి కాలిఫోర్నియాకు పోవుదము. అచ్చట రస్ కాలిన్స్ ఒక ఇంజను చాలదని రెండు హోండా ఇంజనులను జతపరచి, వాటిపై ఒకే సూపర్‌చార్జరును నిలిపి, సోర్సరర్ అను యంత్రముతో 1978లో పావుమైలును 7.30 క్షణములలో దాటిన వృత్తాంతమును, రెండు ఇంజనులను ఒకే తాళమున నడపుటలోని సమస్యలను వివరింతుము.